మూడు సెన్సార్లు ఒకేరోజు చావవు

బండి ఆగిపోయినప్పుడు ఫోన్ చేసేవాడు ఏం జరిగిందో చెప్పడు. ఏం తేవాలో చెబుతాడు. "ఆయిల్ ప్రెషర్ సెన్సార్ ఒకటి పట్టుకురండి." లైటు ఎప్పుడు వెలిగింది, అప్పటికి ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, ముందురోజు బండి ఎక్కడ నిలబెట్టారు, ఎవరు నడిపారు అని అడిగితే వీటిలో ఒక్కదానికీ జవాబు రాదు. కోపం మాత్రం వస్తుంది. "అవన్నీ మీకెందుకండీ, పార్టు తెండి." డాక్టరుకు ఫోన్ చేసి, నొప్పి ఎక్కడో చెప్పకుండా, కుట్లు వేసే దారం పట్టుకురమ్మన్నట్టు ఉంటుంది.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, మట్టి పని యంత్రాలు అమ్మే ఒక డీలరు దగ్గర సర్వీసు ఇంజినీరుగా చేరాను. గుంటూరు బ్రాంచి. ఎక్స్‌కవేటర్లు, గ్రేడర్లు, రోలర్లు. చీరాల నుంచి తుళ్లూరు దాకా ఎక్కడ బండి ఆగినా టూల్ బాక్సు, లాప్‌టాప్ పట్టుకుని వెళ్లేవాణ్ణి. నాకింకా నలభై రాలేదు. అయినా ఫీల్డు పని నుంచి రిటైరయ్యాననే చెప్పుకుంటాను, ఎందుకంటే నడుములో డిస్కు జారింది, బండి కింద దూరితే మళ్లీ బయటికి రావడానికి ఇద్దరు లాగాలి. ఇప్పుడు ఒక శిక్షణ కేంద్రంలో పాఠాలు చెబుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు క్లాసులో చెప్పడం కుదరనివి ఇక్కడ రాస్తున్నాను. కుదరకపోవడానికి కారణం, క్లాసులో మర్యాదగా మాట్లాడాలి.

సెన్సార్ సాక్షి మాత్రమే

ముందు అసలు సంగతి. ఇంజిన్ మీద ఉండే ప్రెషర్ సెన్సార్లకు సాధారణంగా మూడు వైర్లు ఉంటాయి. ఒకటి ఇంజిన్ కంప్యూటర్ నుంచి ఐదు వోల్టులు తెస్తుంది. ఒకటి ఎర్తు. మూడోది సెన్సార్ చెప్పే కబురును తిరిగి కంప్యూటర్‌కు తీసుకెళుతుంది. కబురు తేడాగా వస్తే కంప్యూటర్ ఒక కోడ్ చూపించి, ఇంజిన్ బలం తగ్గించేస్తుంది. బండి స్టార్టవుతుంది గానీ బకెట్ ఎత్తలేక మూలుగుతుంది.

కోడ్ చెప్పేది "ఈ వైరు మీద నాకు తక్కువ వోల్టేజి వస్తోంది" అని మాత్రమే. ఎందుకు తక్కువ వస్తోందో చెప్పదు. దాన్ని "సెన్సార్ పోయింది" అని చదవడం మన వాళ్ల అలవాటు. ఉత్తరం చిరిగిపోయి వస్తే రాసినవాణ్ణి కొట్టడం ఇది. దారిలో ఎవరు చించారో చూడరు.

ఈ అలవాటు పోకపోవడానికి ఇంకో కారణం ఉంది. సెన్సార్ మార్చేటప్పుడు ప్లగ్గు పీకి మళ్లీ పెడతాం. వైర్ల కట్ట కదులుతుంది. పిన్నులు ఒకదానితో ఒకటి రాసుకుని కాస్త శుభ్రపడతాయి. లైటు ఆరిపోతుంది. అందరూ సంతోషిస్తారు. కొన్నాళ్లకు మళ్లీ వెలుగుతుంది. అప్పుడు "మీరు వేసిన సెన్సార్ డూప్లికేటు" అంటారు.

మా బ్రాంచి మేనేజరు చెడ్డవాడు కాదు. కానీ ఆయనకు ఈ విషయంలో ఒక సిద్ధాంతం ఉండేది.

"సెన్సార్ వెయ్యి. లైటు ఆరితే బయటికి రా."

"మళ్లీ వెలిగితే సార్?"

"మళ్లీ వెళ్లు."

"అసలు కారణం దొరకలేదు కదా సార్."

"సెన్సార్ మన స్టోర్లో ఉందయ్యా. కారణం స్టోర్లో లేదు. లేనిదాన్ని ఎలా బిల్లు వెయ్యను?"



పర్చూరు బండి

పర్చూరు దాటాక చీరాల వైపు ఒక డ్రైను పూడిక తీసే పని జరుగుతోంది. కోటేశ్వరరావు గారని, అరవై దాటిన మనిషి, ఆయనవే రెండు ఎక్స్‌కవేటర్లు పని చేస్తున్నాయి. ఆయన పుట్టుకతో మిరప రైతు, బండ్లు తర్వాత వచ్చాయి. డ్రైను ఆయన చేను పక్క నుంచే పోతుంది కాబట్టి పని అయ్యాక బండ్లు చేలోని షెడ్డు దగ్గరే నిలబెట్టేవారు. ఆ రెంటిలో ఒక బండికి అదే పనిగా ఇంజిన్ లైటు వెలుగుతోంది. నాకు ముందు మా వాళ్లు వెళ్లి ఒకసారి ఆయిల్ ప్రెషర్ సెన్సార్, ఇంకోసారి ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే బూస్ట్ ప్రెషర్ సెన్సార్ మార్చి వచ్చారు. మూడోసారి నన్ను పంపారు.

నేను వెళ్లేసరికి ఆయన షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆ బండి ఆపరేటర్ మస్తాన్ దూరంగా గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఇంజినీరు గారూ, ఈసారి సెన్సార్ మార్చక్కర్లేదు. మనిషిని మారుస్తున్నా," అన్నారు కోటేశ్వరరావు గారు.

"అర్థం కాలేదండి."

"ఆ రెండో బండి చూడండి. బురద తప్ప ఇనుము కనపడదు. దానికి ఏ లైటూ వెలగదు. వీడి బండి పెళ్లికొడుకులా ఉంటది, వారం తిరక్కుండా ఆగుద్ది. మొన్న వీడు పది రోజులు సెలవు పెడితే ఆ రెండో బండోణ్ణి ఎక్కించా. ఒక్క పూట ఆగలా. వీడొచ్చాడు, ఆగింది. మీరు చదువుకున్నోళ్లు, మీరే చెప్పండి, ఏమనుకోవాలి?"

గొంతు తగ్గించలేదు. మస్తాన్‌కు వినపడాలనే అన్నారు. తర్వాత నన్ను బండి దగ్గరికి తీసుకెళ్లి వైర్ల కట్ట మీద తొడుగు జరిపి చూపించారు. సెన్సార్ ప్లగ్గుల దగ్గర వైర్ల తొక్కకు సూది మొనంత రంధ్రాలున్నాయి.

"మా ఆటో ఎలక్ట్రీషియన్ చూపిచ్చాడు. ఎవడో పనిగట్టుకుని గుచ్చాడన్నాడు. బండి ఆగితే వీడికేం, కూలి పోదు, నీడ దొరుకుద్ది."

"ఓనరు గారూ, నేను వైర్ల జోలికి పోలేదండి," అన్నాడు మస్తాన్ గట్టు మీద నుంచే.

"నువ్వు మాట్లాడమాక. ఆదివారం దాకా చూస్తా. ఆ తర్వాత నా బండెక్కవు. ఎవడి బండీ ఎక్కవు, అందరికీ చెబుతా."

ఇది ఉత్తుత్తి బెదిరింపు కాదు. ఈ పనిలో ఆపరేటర్లను ఒకరి మాట మీద ఒకరు పెట్టుకుంటారు. వైర్లు పాడుచేసేవాడని పేరు పడితే పర్చూరు నుంచి తుళ్లూరు దాకా ఏ ఓనరూ తాళం ఇవ్వడు. మస్తాన్‌కు నలభై అయిదేళ్లుంటాయి. ఇంకో పని నేర్చుకునే వయసు కాదు.

సూది రంధ్రాలు ఎవరివి

ఆ రంధ్రాలు చూడగానే నాకు తెలిసిపోయింది, అందుకే ముందు ఒళ్లు మండింది.

పని పాడుచేయాలనుకున్నవాడు వైరు కోస్తాడు, పీకుతాడు. ఎర్తు వైరుకు ఒకటి, ఐదు వోల్టుల వైరుకు ఒకటి, కబురు వైరుకు ఒకటి చొప్పున, వరసగా, ప్లగ్గుకు సమాన దూరంలో గుచ్చడు. అలా గుచ్చేది మీటరు పట్టుకున్నవాడు. ప్లగ్గు విప్పే ఓపిక లేక, మీటరు తీగకు గుండుసూది తగిలించి, తొక్కలోంచి రాగిని తాకి వోల్టేజి చూస్తాడు. చూశాక ఆ రంధ్రాన్ని అలాగే వదిలేస్తాడు. అందులోంచి నీళ్లు దిగి లోపల రాగి నల్లబడుతుంది. అంటే ఇప్పుడున్న జబ్బుకు తోడు, వచ్చే ఏడాదికి ఇంకో జబ్బు నాటి వస్తాడు. గుచ్చకుండా ప్లగ్గు వెనక నుంచి సన్నటి మొన దూర్చి చూసే పద్ధతి ఉంది. దానికి కావలసిన మొనలు మా బాక్సుల్లోనే, కవరు చింపకుండా ఉండేవి.

కోటేశ్వరరావు గారికి చెప్పాను. "ఇవి మస్తాన్ పెట్టినవి కావండి. మా వాళ్లు పెట్టినవి."

"మీ వాళ్లా? బండి బాగుచెయ్యడానికొచ్చారా, బొక్కలు పొడవడానికొచ్చారా?"

"రెంటికీ వచ్చారండి. రెండోది అయింది."

ఆయన నవ్వలేదు. అసలైన ప్రశ్నే అడిగారు. "సరే, బొక్కలు మీవి. మరి వీడు లేనన్నాళ్లూ ఎందుకు ఆగలా?"

ఐదు వోల్టులు ఉన్నట్టే ఉండి

లాప్‌టాప్ తగిలిస్తే మూడు కోడ్లు వచ్చాయి. ఆయిల్ ప్రెషర్, బూస్ట్ ప్రెషర్, డీజిలు ఒత్తిడి చూసే ఫ్యూయల్ రైల్ ప్రెషర్. మూడూ తక్కువ వోల్టేజే. పాత సెన్సార్ ఒకటి, మా వాళ్లు వేసిన కొత్తవి రెండు కలిసి, మూడూ ఒకేసారి చావవు. ఊళ్లో ఒక ఇంట్లో దీపం ఆరితే బల్బు పోయిందనుకోవచ్చు. వీధి మొత్తం ఆరితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లాలి. ఈ మూడు సెన్సార్లకూ ఐదు వోల్టులు తెచ్చే దారి ఒకటే. చూడవలసింది ఆ దారిని.

మా వాళ్లు దాన్ని చూడలేదని కాదు. ప్లగ్గు పీకి, మీటరు పెట్టి, ఐదు వోల్టులు వస్తున్నాయని, దారి బాగుందని తేల్చారు. నేనూ ప్లగ్గు పీకి చూశాను, ఐదే. ప్లగ్గు మళ్లీ పెట్టి, మూడు సెన్సార్లూ తగిలించి ఉండగా వెనక నుంచి చూశాను. నాలుగు కూడా లేవు.

ఇది అర్థం కాక చాలామంది ఈ ఉద్యోగం పొడుగునా సెన్సార్లు మారుస్తూనే ఉంటారు. డ్రిప్పు పైపులో సగం మట్టి పూడుకుని ఉందనుకోండి. చివర మూత బిగించి ఉంటే గేజీ ప్రెషర్ నిండుగానే చూపిస్తుంది. మూత తీసి మొక్కలకు నీళ్లు వదిలితే గానీ ధార సన్నబడిన సంగతి తెలియదు. కరెంటూ అంతే. ఖాళీ వైరు మీద కొలిచి బాగుందనకండి. బరువు మోస్తుండగా కొలవండి.

అంటే దారిలో ఎక్కడో పూడిక ఉంది. ఇంజిన్ వైర్లు క్యాబిన్ వైర్లతో కలిసే చోట, పక్క తలుపు వెనక, చెయ్యి అందేంత ఎత్తులో ఒక పెద్ద ప్లగ్గు ఉంటుంది. విప్పాను. చుట్టూ ఉండే రబ్బరు సీలు ఒక చోట మడతపడి ఉంది. ఐదు వోల్టుల పిన్ను ఆకుపచ్చగా తిని ఉంది. ఇంతవరకు మామూలే, చిలుము నేను చాలా చూశాను. కానీ పిన్నుల మధ్య తెల్లటి పొడి పేరుకుని ఉంది, కాస్త నీలం జాడతో. వేలితో తీస్తే, అంత ఎండలోనూ చెమ్మగా, జిగటగా ఉంది. చిలుము అలా ఉండదు.

అలాంటి తెలుపును ఆ రోజే ఇంకెక్కడో చూశాననిపించింది. చేను గట్టు మీద నడిచి వస్తున్నప్పుడు, మిరపాకుల మీద.

సెలవులో జరగనిది

లైటు ఎప్పుడు వెలుగుతుందని అందరూ అడుగుతారు. ఎప్పుడు వెలగదని అడగండి. కోటేశ్వరరావు గారు ఆ జవాబు నాకు రాగానే చెప్పేశారు, మస్తాన్ లేనప్పుడు అని. ఆయన దాన్నిబట్టి మనిషిని పట్టుకున్నారు. మనిషితోపాటు ఇంకేం లేదో చూడాలి.

మస్తాన్‌ను పిలిచి అడిగాను. "మీరు సెలవులో ఉన్నప్పుడు ఈ బండికి జరగనిదేంటి?"

"ఏముంటది సార్. డీజిలు పోశారు, గ్రీజు కొట్టారు. కడగలేదంతే."

"ఎవరూ కడగలేదా?"

"వాడు కడుగుతాడా సార్, వాడి బండి చూశారుగా. వాడి మొహమే కడగడు."

"మీరెప్పుడు కడుగుతారు?"

"శుక్రవారం పొద్దున్నే సార్. బండి కడిగి, నేను స్నానం చేసి, నమాజుకు పోతా. ఈ రేగడి మన్ను ఎండితే ఉలితో కొట్టినా రాదండి. తలుపులు తీసి లోపల కూడా కొడతా, సందుల్లో ఉంటది గదా."

"దేంతో కొడతారు?"

గడ్డంతో షెడ్డు వైపు చూపించాడు. అక్కడ మిరపకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్ పంపు, పొడుగాటి గొట్టం, పక్కన నీలం డ్రమ్ము. డ్రమ్ములోంచి పంపు లాగుతుంది. డ్రమ్ములోకి తొంగి చూశాను. సగం నీళ్లున్నాయి. లోపలి గోడ మీద, నీళ్లు ఎండిన చోటల్లా, అదే తెలుపు, అదే నీలం జాడ.

ప్లగ్గులోంచి తీసిన పొడిని కాగితంలో వేసుకుని వెళ్లి కోటేశ్వరరావు గారి అరచేతిలో పోశాను. ఎక్కడిదో చెప్పలేదు. ఆయన వేళ్ల మధ్య నలిపారు, వాసన చూశారు.

"ఇది మనం చేలో కొట్టేదే గదా. ఆకు ఎరువు, తెగులు మందు కలిసింది. దీన్నెందుకు పట్టుకొచ్చారు?"

"మీ ఇంజిన్ ప్లగ్గులోంచి తీశానండి."

"ఇంజిన్లోకెట్టా పోద్ది?"

వివరించాను. నీళ్లలో కరిగే ఎరువంటే ఉప్పే. గాల్లో చెమ్మను పీల్చుకుంటుంది, ఎండాకాలంలో కూడా పూర్తిగా తడారదు. తెగులు మందులో రాగి ఉంది. పంపు జోరుకు అది సీలు దాటి లోపలికి పోతుంది. నీళ్లు ఎండుతాయి, ఉప్పు ఉండిపోతుంది, పిన్నును తింటుంది. మళ్లీ శుక్రవారం ఇంకో వాయి. మస్తాన్ సెలవులో ఆ వాయి పడలేదు కాబట్టే బండి ఎలాగో నెట్టుకొచ్చింది. బురద బండికి ఈ బాధ లేదు, బురదే దానికి దుప్పటి.

ఆయన మస్తాన్ వైపు తిరిగారు. "చూశావంట్రా. తప్పు నీదేగా చివరికి."

నాకు ఆ క్షణంలో టూల్ బాక్సు డ్రైన్లో పారేసి ఇంటికి పోవాలనిపించింది. జబ్బు దొరికినా వీళ్లకు చాలదు, దోషి కూడా కావాలి, ఆ దోషి ముందే అనుకున్నవాడే అయి ఉండాలి. నేను నోరు తెరిచేలోపు మస్తాన్ అందుకున్నాడు. గొంతు పెంచలేదు.

"బండి మెరవాలి, డ్రైను ఇంజినీర్లు చూస్తారు, వారం వారం కడగమంది మీరండి. పంపు ఇచ్చింది మీరండి. పోయినేడు నేను డ్రమ్ము కడిగి పెడతానంటే, అడుగున మందుంది, పారబొయ్యమాక, రేపటికి పనికొస్తదని అంది మీరండి."

కోటేశ్వరరావు గారు చేతిలో పొడిని చూసుకున్నారు. పంచెకు తుడుచుకోబోయి, ఆగి, గట్టుకు రాశారు. నేను పిన్నులు మార్చి, కొత్త సీలు వేసి, సూది రంధ్రాలున్న చోట వైర్లు కోసి అతికి, ఇంజిన్ స్టార్ట్ చేశాను. మూడు కోడ్లూ పోయాయి. మస్తాన్ ఎక్కి బకెట్‌తో డ్రైనులో మట్టి ఎత్తి చూపించాడు. ఇంజిన్ మూలగలేదు.

"రేపు ఏడింటికి రా. డ్రైను పని సగంలో ఉంది," అన్నారు ఆయన, బండి వైపు చూస్తూ.

"వస్తాలే బాబాయ్."

వాళ్లిద్దరిదీ ఒకే ఊరని, మస్తాన్ చిన్నప్పటి నుంచి ఆయన్ను అలాగే పిలుస్తాడని నాకు అప్పుడు తెలిసింది. పొద్దుటి నుంచీ ఓనరు గారూ అంటుంటే అదే అలవాటనుకున్నాను.

నేను బయల్దేరుతుంటే కోటేశ్వరరావు గారు కారు దాకా వచ్చారు. మెచ్చుకుంటారేమో అనుకున్నాను.

"ఇంజినీరు గారూ, ఎందుకైనా మంచిది, ఒక సెన్సార్ కూడా వేసిపోరాదూ."

వెయ్యలేదు. బ్రాంచికి వచ్చాక మేనేజరు అడిగారు, ఏం వేశావని. పిన్నులు, ఒక రబ్బరు సీలు అని చెప్పాను. "రబ్బరు సీలుకు పర్చూరు దాకా వెళ్లావా?" అన్నారు. సూది గుచ్చిన సంగతి ఓనరుకు చెప్పానన్నందుకు ఇంకా ఎక్కువ అన్నారు. అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

కొత్తవాళ్లకు

లాప్‌టాప్ తీసే ముందు ఆపరేటర్‌తో మాట్లాడండి, ఓనరు పక్కన లేకుండా. బండి ఎక్కడ నిలబెడతారో, ఏ నీళ్లతో కడుగుతారో అడగండి. ఈ నేల మీద ప్రతి షెడ్డులో ఒక స్ప్రేయర్ ఉంటుంది, అది బైకు నుంచి బుల్‌డోజర్ దాకా అన్నిటికీ స్నానం చేయిస్తుంది. కడగొద్దని చెప్పకండి, ఎవరూ వినరు. మంచి నీళ్లతో, ఇంజిన్ తలుపులు మూసి కడగమనండి. వైర్లకు సూదులు గుచ్చకండి. మీరు గుచ్చిన రంధ్రానికి ఇంకొకడి కూలి పోవచ్చు. కారణం దొరికాక, ఎవరి మీద నింద వేశారో వాళ్లను పిలిపించి, వాళ్ల ముందే చెప్పండి. ఓనరుకు ఒక్కడికే చెబితే ఆ మాట అక్కడే ఆగిపోతుంది.

ఇదంతా చెబితే ప్రపంచం మారుతుందని నేను అనుకోవడం లేదు. ఆ దసరాకు మస్తాన్ నాకు ఫోన్ చేశాడు.

"సార్, నేను వేటపాలెంలో మా అక్క ఇంట్లో ఉన్నానండి. పండగ సెలవని ముందే వచ్చేశా. మా బండికి మళ్లీ లైటు వెలిగిందంట. బాబాయ్ మీకు ఫోన్ చేస్తాడు. నేను ఊళ్లో లేనండి, ఆ మాట ముందే చెబుదామని."

పెట్టేసిన కాసేపటికే కోటేశ్వరరావు గారి ఫోన్ వచ్చింది.

"ఇంజినీరు గారూ, ఒక సెన్సార్ పట్టుకొస్తారా?"

"బండి ఎవరు కడిగారండి?"

అవతల ట్రాక్టరు ఏదో పోయింది.

"పూజ గదండీ," అన్నారు. "ఆయుధపూజకు బండి కడక్కుండా ఎట్టా. మస్తాన్ లేడని నేనే కొట్టా. పంపు కొత్తదేనండి. బండి కడగడానికనే కొన్నా."

"డ్రమ్ము?"

"డ్రమ్ముకేమైంది, బానే ఉందిగా," అన్నారు ఆయన.